దవడలో వాపు: "కాన్సర్ కాదు" అన్న తరువాత

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది చదువు సంగతి పక్కన పెట్టి ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం స్కూల్లో సైన్సు పాఠాలు చెప్పుకునే మామూలు ఉపాధ్యాయుణ్ణి. అందుచేత నా దగ్గర మందుల చీటీ దొరుకుతుందని ఎవరూ ఆశించవద్దు. చదివి తెలుసుకున్నదీ, తెలిసిన డాక్టర్లను అడిగి రూఢి చేసుకున్నదీ మాత్రమే మీ ముందుంచుతాను.

నేను ఎన్నుకున్న విషయం దవడలో పుట్టే ఒక కణితి. దాని పేరు అమెలోబ్లాస్టోమా. పేరు నోరు తిరగదు, నాకు తెలుసు. మన ఇళ్ళలో ఇలాంటి కణితి నేదైనా "రసౌలీ" అని ఒకే మాటతో తేల్చేస్తాం. ఇది ప్రపంచం మొత్తం మీద ఏటా పది లక్షల మందిలో సుమారు ఒకరికి వచ్చే జబ్బు. అందులోనూ దవడ దాటి ఊపిరితిత్తుల దాకా పాకేది నూటికి రెండు కేసుల్లోపే. మరి ఇంత అరుదైన జబ్బు గురించి ఈ సభలో ఎందుకండీ అని మీరు అడగవచ్చు. జబ్బు అరుదే గాని, దవడ వాపు అరుదు కాదు. ఆ వాపు కనిపించగానే మనం చేసే పొరపాట్లు అసలే అరుదు కావు. అవి మూడు రకాలు. మొదటిది, "పిప్పి పన్ను, పీకిస్తే పోతుంది" అనుకోవటం. రెండవది, "గుట్కా తిన్నాడు, కాన్సరే, ఇక చేసేదేమీ లేదు" అని కుంగిపోవటం. మూడవది, డాక్టరు "ఇది కాన్సర్ కాదు" అనగానే సంతోషంగా ఇంటికి వచ్చి, కాగితాలు అటక మీద పడేసి, మళ్ళీ ఆ దవాఖానా గడప తొక్కకపోవటం. మొదటి రెండింటి గురించి అందరూ చెబుతారు. మూడవదాని గురించి చెప్పేవారు తక్కువ. నా ప్రసంగానికి ప్రాణం ఆ మూడవదే.

ముందు ఆ కణితి ఎక్కడ నుంచి పుడుతుందో చూద్దాం. మన పంటి మీద తెల్లగా మెరిసే పింగాణీ పూత ఉంది కదా, ఎనామిల్ అంటాం. శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం అదే. పన్ను ఇంకా దవడ ఎముకలో దాగి ఉన్నప్పుడే కొన్ని కణాలు వరుసగా నిలబడి ఆ పూత వేస్తాయి. పని పూర్తయి, పన్ను చిగురు చీల్చుకుని బయటికి రాగానే ఆ కణాలు మాయమవుతాయి. అందుకే ఒకసారి అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. ఇల్లు కట్టిన మేస్త్రీలు పని ముగించి వెళ్ళిపోయినట్టు అన్నమాట. అయితే పళ్ళను తయారు చేసిన ఆ కణజాలపు తునకలు కొన్ని దవడలోనూ చిగురులోనూ మిగిలిపోతూ ఉంటాయి. అందరిలోనూ ఉంటాయి, ఏ హానీ చేయవు. ఎవరో ఒకరిలో, ఎన్నో ఏళ్ళ తరువాత, అవి నిద్ర లేస్తాయి. అప్పుడు కట్టటానికి పన్ను లేదు, చేతిలో నక్షా లేదు. పింగాణీ వేయలేవు సరికదా, ఎముకను తొలుచుకుంటూ, నీటి గదులు చేసుకుంటూ పోతాయి. ఎక్స్‌రే తీస్తే దవడ ఎముక సబ్బు నురగలాగా, తేనెపట్టులాగా గదులు గదులుగా కనబడేది అందుకే.

ఈ జబ్బు కొత్తది కాదు. 1827లో డబ్లిన్ నగరంలో క్యూసాక్ అనే శస్త్రవైద్యుడు ఇలాంటి కణితిని వర్ణించాడు. ఇప్పుడు వాడుతున్న పేరు 1930లో స్థిరపడింది. స్త్రీలకూ పురుషులకూ దాదాపు సమానంగా వస్తుంది. ఎక్కువగా ముప్పై, నలభై ఏళ్ళ వయసులో బయట పడుతుంది. ఒక రకం మాత్రం పదిహేను, ఇరవై ఏళ్ళ పిల్లల్లో కూడా కనబడుతుంది. నూటికి ఎనభై కింది దవడలోనే, అదీ ఎక్కువగా వెనుక దంతాల దగ్గర, మనం "అకల్ దాఢ్" అనే జ్ఞానదంతం ఉండే చోట. ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. పాన్, గుట్కా, జర్దా వల్ల నోటి కాన్సర్ వస్తుంది, అందులో సందేహం లేదు. కాని ఈ దవడ కణితి వాటి వల్ల వచ్చేది కాదు. ఏ అలవాటూ లేని ఇల్లాలికైనా రావచ్చు. కాబట్టి రోగిని నిందించి లాభం లేదు.

దీనితో వచ్చిన చిక్కు ఏమిటంటే, ఇది నొప్పి పెట్టదు. నెలలు, సంవత్సరాలు నెమ్మదిగా పెరుగుతుంది. ముఖం ఒకవైపు కొంచెం నిండుగా కనిపిస్తుంది. పన్ను కదులుతుంది, పక్కకు ఒరుగుతుంది. పెద్దవాళ్ళకైతే నిన్నటిదాకా సరిపోయిన కట్టుడు పళ్ళ సెట్టు ఇవాళ బిగుతు అవుతుంది. నొప్పి లేదు కదా అని మనిషి ఊరుకుంటాడు. మగవాళ్ళకు గడ్డం ఉంటుంది, వాపు దానిలో కలిసిపోతుంది. ఆడవాళ్ళకు దుపట్టా ఉంటుంది, బురఖా ఉంటుంది. పెళ్ళి కావలసిన పిల్ల అయితే తల్లే, "ఎవరికీ చెప్పకే, సంబంధాలు చెడిపోతాయి" అని నోరు మూయిస్తుంది. ఇంటిల్లిపాదికీ తెలుసు, డాక్టరుకు మాత్రం తెలియదు. ఇలా రెండేళ్ళు దాచిన ఇళ్ళు నాకు తెలుసు. దాచిన రెండేళ్ళూ కణితి ఖాళీగా కూర్చోదు. బఠాణీ గింజంత ఉన్నప్పుడు సులువుగా అయ్యే పని నిమ్మకాయంత అయ్యాక సులువుగా కాదు.

పన్ను కదులుతోందని దంత వైద్యుడి దగ్గరికి వెళతాం, పీకించుకుంటాం. గాయం మానదు, వాపు తగ్గదు. ఇంకో పన్ను పీకిస్తాం. ఇక్కడ ఒక నియమం గుర్తు పెట్టుకోండి: పన్ను తీసిన తరువాత కొన్ని వారాలకూ వాపు తగ్గకపోతే రెండో పన్ను పీకించుకోవటానికి ముందు దవడ మొత్తానికి ఎక్స్‌రే తీయించండి. కింది దవడ, పై దవడ అంతా ఒకే ఫిల్ములో వచ్చే ఎక్స్‌రే ఉంది, ఓ.పి.జి. అంటారు. ఖర్చు పెద్దగా కాదు.

దవడ వాపులన్నీ ఈ కణితే అని భయపడవద్దు. 2019లో చెన్నైలోని సవీతా దంత కళాశాలలో ఏడేళ్ళ పిల్లవాడి కింది దవడ నుంచి 526 పళ్ళు తీశారని మీరు పత్రికల్లో చదివే ఉంటారు. 2014లో బొంబాయి జె.జె. ఆస్పత్రిలో పదిహేడేళ్ళ అబ్బాయి దవడ నుంచి 232 పళ్ళ వంటివి తీశారు. వినటానికి వింతగా ఉంటుంది గాని, అది ఒడొంటోమా అనే సాధు స్వభావం గల కణితి. తీసేస్తే దాదాపు పీడ విరగడ అయినట్టే. మామూలు నీటి తిత్తులు కూడా దవడలో వస్తాయి. చూపుకు ఇవన్నీ ఒకే కుటుంబం వాళ్ళలాగా ఉంటాయి. ఏది ఏదో కంటితో చూసి చెప్పలేరు. చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడవలసిందే. దానినే బయాప్సీ అంటారు.

బయాప్సీ అనగానే మన వాళ్ళు వెనకడుగు వేస్తారు. "కత్తి తగిలితే గడ్డ రేగి ఒళ్ళంతా పాకుతుంది" అని ఏ ఖాలానో చెప్పి ఉంటుంది. ఈ భయంలో నిజమెంతో చూద్దాం. ఈ కణితి పాకిన రోగుల చరిత్రలు పరిశీలించినప్పుడు డాక్టర్లకు తరచుగా కనిపించినవి ఇవి: కణితి చాలా ఏళ్ళు నిర్లక్ష్యమై బాగా పెద్దది కావటం, పూర్తిగా తీయకుండా గీకి వదిలేయటం, మళ్ళీ మళ్ళీ పుట్టటం, మళ్ళీ మళ్ళీ కోయటం. అంటే ప్రమాదం పరీక్ష కోసం తీసే చిన్న ముక్కలో లేదు. అరకొరగా చేసిన వైద్యంలో ఉంది. ఆ ముక్క పరీక్ష లేకపోతే డాక్టరుకు ఎంత తీయాలో తెలియదు, మొదటి ఆపరేషనే అరకొర అవుతుంది. అదేవిధంగా, నీటి తిత్తి అనుకుని తీసిన దానిని కూడా పారేయనివ్వకండి. లాబొరేటరీకి పంపమని అడగండి, రిపోర్టు చేతికి వచ్చేదాకా విడిచిపెట్టకండి.

ఇక ఆపరేషన్ సంగతి. రోగి అడిగే మొదటి ప్రశ్న, "కొంచెం గీకి తీసేస్తే చాలదా సాబ్?" అని. చాలా రకాలలో చాలదు. ఈ కణితి ఎక్స్‌రేలో కనిపించే హద్దు దగ్గర ఆగదు. స్పాంజిలాంటి ఎముక సందుల్లోకి ఇంకా కొన్ని మిల్లీమీటర్లు చొచ్చుకుపోయి ఉంటుంది. గీకి వదిలేస్తే సగం మందికి పైగా మళ్ళీ పుట్టినట్లు లెక్కలు చెబుతున్నాయి. అందుకని చుట్టూ ఒకటి, రెండు సెంటీమీటర్ల మంచి ఎముకతో సహా తీస్తారు. పడుచు పిల్లల్లో వచ్చే ఒకే తిత్తి రకానికి కొన్నిసార్లు చిన్న ఆపరేషన్‌తో సరిపెట్టవచ్చు. అది డాక్టరు నిర్ణయించవలసిన విషయం, మన బేరసారాలది కాదు.

"దవడ తీసేస్తే ముఖం ఏమవుతుంది, అన్నం ఎలా తింటాడు" అనే బెంగ సహజమే. వెనుకటి రోజుల్లో ఆ బెంగకు అర్థం ఉండేది. 1989లో న్యూయార్కు వైద్యుడు హిడాల్గో ఒక పద్ధతి ప్రకటించాడు. మోకాలి కింద రెండు ఎముకలుంటాయి కదా, అందులో సన్నని ఎముకను దాని రక్తనాళంతో సహా తీసి దవడగా మలచి అతుకుతారు. శరీర బరువు మోసేది ముఖ్యంగా పక్కనున్న లావు ఎముక కాబట్టి మనిషి మళ్ళీ నడుస్తాడు. కుదిరితే ఆ ఎముకలో పళ్ళు కూడా అమర్చుతారు. ఈ శస్త్రచికిత్స మన దేశంలోని పెద్ద ఆస్పత్రుల్లో జరుగుతోంది. పిల్ల ముఖం చెడిపోతుందని ఆపరేషన్ వాయిదా వేసే తల్లిదండ్రులు గమనించాలి: వాయిదా వేసినకొద్దీ తీయవలసిన ఎముక పెరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఆపరేషన్ అయింది. రిపోర్టు వచ్చింది. "కాన్సర్ కాదు, నిరపాయకరమైన కణితి" అని ఉంది. ఇంట్లో మిఠాయి పంచారు. డాక్టరు అబద్ధం చెప్పలేదు. కాని "నిరపాయకరం" అనే మాట సూక్ష్మదర్శిని కింద కణం రూపు గురించి చెప్పిన మాట. ఆ కణం మళ్ళీ తిరిగి రాదని పూచీ ఇచ్చిన మాట కాదు. తిరిగి వచ్చేవాటిలో చాలా భాగం మొదటి అయిదేళ్ళలో వస్తాయి. పదేళ్ళ తరువాత వచ్చినవీ ఉన్నాయి, ఇరవై ఏళ్ళ తరువాత వచ్చినవీ ఉన్నాయి.

చాలా కొద్దిమందిలో, నూటికి రెండు లోపే అన్నాను కదా, ఆ కణాలు ప్రయాణం కడతాయి. ఎక్కువగా చేరేది ఊపిరితిత్తులు. తరువాత మెడలోని బిళ్ళలు. అరుదుగా ఎముకలు, మరికొన్ని అవయవాలు. వింత ఏమిటంటే, ఊపిరితిత్తిలో దొరికిన ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే అక్కడా అదే సాధువైన రూపు. దవడలో ఎలా ఉందో అలాగే ఉంటుంది. రూపు చూసి ఇది పాకుతుందని ముందుగా ఎవరూ చెప్పలేరు. పాకిన తరువాతే తెలుస్తుంది. కణాల రూపులోనే క్రూరత్వం కనిపించే రకం వేరే ఉంది, దానిని అమెలోబ్లాస్టిక్ కార్సినోమా అంటారు. అది నిజమైన కాన్సర్. గబగబా పెరగటం, నొప్పి, పెదవి మొద్దుబారటం ఉంటే దానిని అనుమానించాలి.

ఈ పాకే రకాన్ని ఏ ఖానాలో వేయాలో పండితులే తేల్చుకోలేకపోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 నాటి వర్గీకరణలో దానిని ప్రమాదకరమైన కణితుల జాబితాలో చేర్చింది. 2017లో మళ్ళీ నిరపాయకరమైన వాటి జాబితాలోకి మార్చింది. పుస్తకంలో పేజీ మారింది గాని రోగి ఊపిరితిత్తిలో ఏమీ మారలేదు. కాబట్టి మనం పేరు పట్టుకుని నిశ్చింతగా ఉండకూడదు, పేరు విని హడలిపోనూ కూడదు.

ఇది ఎంత ఆలస్యంగా బయట పడుతుందంటే, దవడ ఆపరేషన్‌కూ ఊపిరితిత్తుల గడ్డకూ మధ్య పదేళ్ళు దాటటం మామూలు. ముప్పై ఏళ్ళు దాటిన సందర్భాలు కూడా వైద్య గ్రంథాలకెక్కాయి. ఒక్క నిమిషం ఊహించుకోండి. ఒక మనిషికి 2010లో దవడ ఆపరేషన్ అయింది. 2024లో దగ్గు మొదలైంది. ఛాతీ ఎక్స్‌రేలో గుండ్రని మచ్చలు కనిపించాయి. మన దేశంలో ఛాతీలో మచ్చ అంటే అందరికీ మొదట గుర్తుకొచ్చేది క్షయ. అలా అనుమానించటంలో తప్పులేదు, మన దగ్గర క్షయ అంత ఎక్కువ. కాని ఛాతీ డాక్టరు పళ్ళ సంగతి అడగడు. పద్నాలుగేళ్ళ కిందటి దవడ ఆపరేషన్‌కూ ఈ దగ్గుకూ సంబంధం ఉండవచ్చని రోగికి తోచదు. కఫంలో క్షయ క్రిములు దొరకకపోయినా నెలల తరబడి మందులు మింగుతూ ఉంటాడు. "డాక్టరు సాబ్, నాకు ఫలానా ఏడు దవడలో కణితి తీశారు, దాని పేరు ఇది" అని ఒక్క ముక్క చెప్పగలిగితే దారి మారుతుంది. మచ్చ నుంచి ముక్క తీస్తారు, పాత దవడ ముక్కతో పోల్చి చూస్తారు.

గల్ఫు దేశాలకు వెళ్ళే మన కుర్రవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. వీసా మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. ఆ ఎక్స్‌రే ఫిల్మును పడేయకుండా దాచుకోండి. రేపు అవసరమైనప్పుడు పోల్చటానికి పనికి వస్తుంది. దవడ ఆపరేషన్ అయినవాడు జెద్దాలో ఉన్నా, దుబాయిలో ఉన్నా, సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడల్లా పెళ్ళిళ్ళు, దావతులతో పాటు ఒక పూట దవాఖానాకు కూడా కేటాయించాలి.

పాకితే ఇక ఆశ లేదా? ఉంది. ఈ గడ్డలు చాలామందిలో మెల్లగానే పెరుగుతాయి. తీయటానికి వీలైన చోట ఉంటే ఊపిరితిత్తిలోని గడ్డను ఆపరేషన్ చేసి తీస్తారు. మామూలు కీమోథెరపీ దీని మీద పెద్దగా పని చేయదు. కాని 2014లో ఒక కొత్త సంగతి తెలిసింది. ఈ కణితుల్లో సగానికి పైగా బి-రాఫ్ అనే జన్యువులో ఒక చిన్న మార్పు ఉందని కనుగొన్నారు. అదే మార్పు ఒక రకం చర్మ కాన్సర్‌లో కూడా ఉంటుంది, దానికి అప్పటికే మాత్రలున్నాయి. ఆ మాత్రలను 2015లో అమెరికాలో పాకిన దశలో ఉన్న ఒక రోగికి ఇస్తే గడ్డలు తగ్గినట్లు ప్రకటించారు. అవి ఖరీదైన మందులు, అందరికీ పనికిరావు. ఆ మార్పు ఉందో లేదో తేల్చటానికి కూడా దాచిపెట్టిన ఆ ముక్కే కావాలి. అందుకే కాగితాలు, ముక్కలు అని ఇంతగా పోరుతున్నాను.

ఇక మనం చేయవలసిన పనులు. దవడలో కణితి తీయించుకున్నవారు ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. మొదటి పేజీలో అయిదు సంగతులు రాయండి: కణితి పేరు, ఆపరేషన్ అయిన తేదీ, ఏ దవాఖానా, ఎంత ఎముక తీశారు, లాబొరేటరీ రిపోర్టు నంబరు. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, ఇంట్లో పెద్దవాళ్ళకు ఉర్దూయే వస్తుంది, బస్తీ దవాఖానాలో నర్సమ్మ తెలుగులో అడుగుతుంది. అందుకని ఆ పేజీని మూడు భాషల్లోనూ రాయించండి. మా స్కూలుకు తీసుకు వస్తే పై తరగతి పిల్లల చేత నేను రాయించి ఇస్తాను. మొదటి అయిదేళ్ళు డాక్టరు చెప్పిన గడువు ప్రకారం, ఆ తరువాత కనీసం ఏడాదికొకసారి, బతికినంత కాలం దవడ చూపించుకోవాలి. ఛాతీ ఎక్స్‌రే ఎప్పుడెప్పుడు తీయించాలో కూడా ఆ డాక్టరునే అడగండి. ఆయన మరిచిపోయినా మీరు మరవకండి.

ఎక్కడికి వెళ్ళాలి అంటారా, హైదరాబాదులో అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. విజయవాడలో ఉంది, కడపలో ఉంది. కాన్సరేమో అని అనుమానం ఉన్నవారికి హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి సేవ చేస్తున్న ఎం.ఎన్.జె. కాన్సర్ దవాఖానా ఉంది. ఖర్చు గురించి అప్పు చేయకముందే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్ల దగ్గర విచారించండి.

చివరగా సంఘం కార్యవర్గానికి రెండు విన్నపాలు. ఏటా మనం జరిపే ఆరోగ్య శిబిరంలో బి.పి., షుగరు చూస్తున్నాం, సంతోషం. వచ్చే సంవత్సరం నుంచి ఒక దంత వైద్యుణ్ణి, స్త్రీల కోసం ఒక లేడీ డాక్టరును కూడా పిలవండి. నోరు తెరిపించి, టార్చి వేసి, దవడ రెండు వైపులా చేత్తో తడిమి చూడటానికి మనిషికి మూడు నిమిషాలు చాలు. రెండవది, దవడ ఆపరేషన్ అయినవారి పేర్లు, వారి ఇష్టంతోనే, ఒక రిజిస్టరులో రాసి, ఏటా ఒకసారి "పరీక్షకు వెళ్ళారా" అని కబురు పెట్టే బాధ్యత ఎవరికైనా అప్పగించండి. ఎవరూ ముందుకు రాకపోతే ఆ రిజిస్టరు నాకివ్వండి. ముప్పై ఏళ్ళ పని అది, నా రిటైర్మెంటుకు మిగిలిన సర్వీసు సరిపోదు. కాబట్టి నాతో పాటు ఒక కుర్రవాణ్ణి కూడా ఇవ్వండి.